శిశిరంలో రంగుల నిత్యార్చన
కొండపల్లి చిత్రకారుల సాధనా చరిత్ర

ఆలయ జీర్ణోద్ధరణ పూర్తయి, కుంభాభిషేక మహోత్సవం జరుగుతున్న శుభసమయాన గోపురం వంక తలయెత్తి చూసిన భక్తునికి మొదట కనబడేవి రంగులు. శ్రీమహావిష్ణువు నీలమేఘచ్ఛాయ, అమ్మవారి పట్టుచీర ఎరుపు, గరుత్మంతుని రెక్కల పసుపు, ద్వారపాలకుల కన్నులలోని తీక్ష్ణత అన్నీ ఆ రంగులవల్లనే దూరాన నిలిచినవానికి సైతం దర్శనమిస్తాయి. దాత పేరు శిలాఫలకంమీద ఉంటుంది. స్థపతి పేరును ఆహ్వానపత్రికలో ముద్రిస్తారు. కుంచె పట్టిన చేతి పేరు మాత్రం సాధారణంగా ఎక్కడా ఉండదు. సంప్రదాయానుసారం మరి పన్నెండేళ్లకు జరిగే కుంభాభిషేకం నాటికి ఆ రంగులమీద కొత్త రంగులు పడతాయి. తన పని చెరిగిపోతుందని ముందే తెలిసి కూడా శ్రద్ధ తగ్గకుండా చేసేవాడు చిత్రకారుడు.

అటువంటి చిత్రకారుల గ్రామమొకటి మన ఇబ్రహీంపట్నానికి ఆనుకొనే ఉన్నది. కొండపల్లి బొమ్మ లేని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. బొమ్మను అందరమూ ఎరుగుదుము. దానికి రంగు వేసేవారి దినచర్యను ఎరిగినవారు తక్కువ. మాఘ ఫాల్గుణాలలో, అనగా శిశిర ఋతువులో, ఆ చిత్రకారుల సాధన ఎట్లు సాగుతుందో, దాని వెనుకనున్న చరిత్ర ఏమిటో, దేవాలయ ప్రతిష్ఠతో దానికిగల సంబంధమెట్టిదో భక్తులకూ దాతలకూ నివేదించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్షేత్ర నేపథ్యం

విజయవాడకు పడమరగా సుమారు 16 కిలోమీటర్ల దూరాన కృష్ణవేణీ నది ఎడమగట్టున ఇబ్రహీంపట్నం ఉన్నది. ఇక్కడి ఫెర్రీ రేవు పూర్వంనుంచి నది దాటేవారికి సుపరిచితం. 2015లో పట్టిసీమ నుంచి కాలువ మార్గాన వచ్చిన గోదావరి జలాలు ఈ ప్రాంతంలోనే కృష్ణలో కలిసినవి. ఆ చోటికి పవిత్ర సంగమమని పేరు వచ్చినది. 2016 కృష్ణా పుష్కరాలలో లక్షలాది భక్తులు అక్కడ స్నానమాచరించారు. 1979లో తొలి యూనిట్ ప్రారంభమైన తాప విద్యుత్కేంద్రం పొగగొట్టాలు చాలా దూరానికే కనబడతాయి. 2021లో కొండపల్లి, ఇబ్రహీంపట్నం కలిసి కొండపల్లి పురపాలక సంఘంగా ఏర్పడినవి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ ప్రాంతం కృష్ణా జిల్లానుంచి వేరై ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది.

కొండపల్లికి పేరు తెచ్చినవి రెండు. ఒకటి కొండమీది కోట, రెండవది కొండ కింది బొమ్మ. రెడ్డిరాజుల కాలంలో, 14వ శతాబ్దిలో, బలపడిన ఆ దుర్గం తరువాత గజపతుల వశమైనది. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని, కొండవీటిని సాధించిన పిమ్మట 1515–16 ప్రాంతంలో కొండపల్లిని జయించాడు. అటుపై అది గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోనికి పోయి, వారి అనంతరం మొగలుల చేతికి, 1766లో ఆంగ్లేయుల చేతికి వచ్చినది. కోట చేతులు మారిన ప్రతిసారీ ఏలికలు మారారు, భాషలు మారినవి, పన్నులు మారినవి. కొండ కింద ఉలి చప్పుడు మాత్రం ఆగలేదు. నేడు కోట శిథిలమై సందర్శకులకు మిగిలినది. బొమ్మ ఇంకనూ జీవించియున్నది.

వలస కథ, వంశ సంప్రదాయం

ఈ కళాకారులను ఆర్యక్షత్రియులని వ్యవహరిస్తారు. తమ మూలపురుషుడు ముక్తర్షి అనియు, ఆయనకు పరమశివుడు సమస్త శిల్పకళలను అనుగ్రహించెననియు, బ్రహ్మాండ పురాణంలో తమ ప్రస్తావన ఉన్నదనియు వారి విశ్వాసం. తమ పూర్వులు రాజస్థాన ప్రాంతంనుంచి సుమారు 16వ శతాబ్దిలో కొండపల్లికి తరలివచ్చారని వంశపారంపర్యంగా చెప్పుకొంటారు. మరొక కథనం ప్రకారం వారిని పిలిపించినవాడు రెడ్డిరాజైన అనవేమారెడ్డి. అనవేముడు రాజ్యమేలినది 14వ శతాబ్ది ఉత్తరార్ధంలో. ఈ రెండు కథనాల నడుమ రమారమి రెండు వందల ఏండ్ల ఎడమున్నది. వలస ఒకే పర్యాయం గాక విడతలుగా జరిగి ఉండవచ్చు. లేదా పేరుమోసిన రాజు పేరు కాలక్రమాన కథలో చేరి ఉండవచ్చు. ఏమైనప్పటికీ, దూరదేశంనుంచి వచ్చి ఈ మట్టిలో పాతుకొని, ఇక్కడి చెట్టును, ఇక్కడి దేవుళ్లను, ఇక్కడి పల్లెజీవనాన్ని తమ కళకు వస్తువు చేసుకొన్నారన్నది నిర్వివాదం.

వీరికి నకర్షాలు అనే పేరు కూడా ఉన్నది. తెలంగాణలోని చేర్యాల పటచిత్రకారులను నకాషీలని పిలుస్తారు. చిత్రణకు, చెక్కడానికి పారశీకంలోగల నక్ష్ పదం ఈ పేర్లకు దగ్గరగా వినిపిస్తుంది. ముక్తర్షిని కులగురువుగా కొలిచే శిల్పులకు అటువంటి పేరు రావడం దక్కను చరిత్రకు తగినదే. దశావతారాలను చెక్కే చేతులవారు సుల్తానుల కాలంలో కూడా ఈ గడ్డమీదనే పని చేశారు గదా.

ఆంధ్రదేశంలోని పలు దేవాలయాలలో ఉత్సవాలకు వాడే గరుడ, నంది, సింహ, హంసాది వాహనాల నిర్మాణంలో తమ పూర్వుల హస్తమున్నదని ఈ కళాకారులు సగర్వంగా చెప్పుకొంటారు. పెద్ద వాహనమైనా, అరచేతిలో ఇమిడే బొమ్మ అయినా పని క్రమంలో భేదం లేదు. కొయ్యను చెక్కి, అతికి, నునుపు చేసి, తెల్లపూత పూసి, రంగులు దిద్ది, చివరకు కన్నులు తీర్చడమే ఆ క్రమం. ఈ కారణంచేత కొండపల్లి బొమ్మను ఆలయశిల్పానికి చిన్నచెల్లెలుగా భావించవచ్చును.

పొణికి కొయ్యనుంచి ప్రతిమ దాకా

కొండపల్లి బొమ్మకు ప్రాణం తెల్లపొణికి కొయ్య. కొండపల్లి అడవులలో పెరిగే ఈ చెట్టు కొయ్య మిక్కిలి తేలికగా, మెత్తగా ఉంటుంది. ఉలికి సులువుగా లొంగుతుంది. పచ్చి కొయ్యలోని చెమ్మ పూర్తిగా పోయేవరకు సన్నని సెగపై ఆరబెడతారు. చెమ్మ మిగిలితే బొమ్మ తయారైన తరువాత పగులుతుంది. పైనున్న రంగు పొరలుగా లేస్తుంది.

బొమ్మను ఒకే దుంగలో చెక్కరు. అంబారీ ఏనుగైతే మొండెం, తొండం, చెవులు, తోక, అంబారీ, అందులో కూర్చున్నవారు వేరువేరుగా తయారై తరువాత ఒకటవుతారు. అతుకుటకు వాడేది మక్కు. చింతపిక్కల పిండిని రంపపు పొట్టుతో కలిపి చేసే ఈ ముద్ద అతుకుగానూ పనిచేస్తుంది, ఉలికి అందని వంపులను తీర్చుటకూ ఉపకరిస్తుంది. ముక్కు కొన, వేలి మడత, కిరీటపు అంచు వంటివి తరచు మక్కుతోనే రూపుదిద్దుకొంటాయి. అది ఆరిన పిమ్మట ఆకురాయితో నునుపు చేసి సుద్దపూత వేస్తారు. అప్పటికి బొమ్మ తెల్లగా, ముఖం లేకుండా, ఏ దేవుడో తెలియకుండా ఉంటుంది. ఇక్కడినుంచి పని కుంచెది.

చెక్కడం పురుషులు, రంగులు వేయడం అధికంగా స్త్రీలు చేయడం ఈ ఇండ్లలో సాధారణం. మేకవెంట్రుకలతో చేసిన కుంచెలు వాడతారు. వెడల్పు పూతకు మందపు కుంచె, నగలగీతకు కొద్ది వెంట్రుకల సన్నని కుంచె. కొండపల్లి బొమ్మకు లోకంలో వచ్చిన పేరులో సగం ఈ స్త్రీల చేతి నిలకడదే. ఇది తగినంతగా చెప్పుకోలేదన్న వెలితి మన కళాచరిత్రలో ఉన్నది.

మాఘమాసపు దినచర్య

కోస్తా ఆంధ్రలో బొమ్మల కొలువు సంక్రాంతికి ముఖ్యం. దసరాకు కొలువు తీర్చే ఇండ్లు కూడా ఉన్నవి. అందువల్ల పుష్యమాసం మొదటి భాగమంతా అమ్మకాల తొందర. కనుమ దాటగానే వాకిళ్లు నెమ్మదిస్తాయి. మాఘం ప్రవేశించేసరికి అసలైన సాధన ఆరంభమవుతుంది. ఖాళీ అయిన బల్లలు మళ్లీ నిండవలెను. రానున్న ఉగాదికి, శ్రీరామనవమికి, వేసవి యాత్రికులకు సరుకు సిద్ధం కావలెను. మాఘం పెండ్లిళ్ల మాసం కనుక వధూవరులు కూర్చున్న పెండ్లి పల్లకి బొమ్మలకు కూడా ఇదే అదను.

ఈ ఋతువు చిత్రకారునికి అనుకూలమూ, పరీక్షా కూడా. నదికి చేరువైన ఈ ప్రాంతంలో శిశిరపు తెల్లవారుజామున మంచు కమ్ముకొంటుంది. ఆ వేళ గాలిలో చెమ్మ హెచ్చు. మక్కు త్వరగా గట్టిపడదు. సుద్దపూత పైకి ఆరినట్లు కనబడి లోపల తడిగా ఉంటుంది. నూనెరంగు పూస్తే జిగి తగ్గి మసకబారే ప్రమాదమున్నది. కాబట్టి తొలిజాము కుంచె పట్టుటకు తగినది కాదు. ఆ సమయాన రంగులు నూరడం, కుంచెలు శుభ్రం చేయడం, నిన్నటి బొమ్మలను వేలితో తాకి ఆరినవో లేదో పరీక్షించడం జరుగుతాయి. వంతెన దాటి కృష్ణలో మాఘస్నానానికి పోయే భక్తులు ఒకవైపు, తడి బొమ్మలను ఎండవచ్చే అరుగుమీదికి చేర్చే చేతులు మరొకవైపు. రెండును సూర్యోదయం కొరకే ఎదురుచూస్తాయి. మాఘశుద్ధ సప్తమి రథసప్తమి. సూర్యారాధన దినమైన ఆ పర్వం చిత్రకారుల ఇండ్లలో మరింత అర్థవంతం. ఎండయే వారి తొలి పనివాడు.

మంచు విడిచిన తరువాత రంగుల వరుస మొదలవుతుంది. బొమ్మను ఒక్కొక్కటిగా మొదలుపెట్టి పూర్తిచేయరు. సుద్దపూత ఆరిన బొమ్మలన్నింటికీ వరుసగా ఒకే రంగు వేసి, అది ఆరేలోగా మొదటి బొమ్మకు తిరిగి వస్తారు. ముందుగా శరీరచ్ఛాయ, తరువాత వస్త్రం, ఆ తరువాత వస్త్రపు అంచు, ఆభరణాలు, కేశాలు, చివరకు ముఖరేఖలు. లేత రంగులు ముందు, ముదురు రంగులు వెనుక. దశావతారాల వరుస అయితే మత్స్యకూర్మాలనుంచి కల్కి దాకా పది మూర్తులు. కొన్ని వరుసలలో బలరాముడు, కొన్నింటిలో బుద్ధభగవానుడు ఉంటారు. రామునికి, కృష్ణునికి శ్యామలచ్ఛాయ. పరశురాముని చేత గొడ్డలి. వామనుని చేత గొడుగు. ఈ గుర్తులలో ఒకటి తప్పినా మూర్తి మారిపోతుంది. ఆగమం చదవని ఇల్లాలు సైతం ఆ లక్షణాలను చేతితో కంఠస్థం చేసికొని ఉంటుంది.

మధ్యాహ్నం నుంచి మూడుజాముల వేళ వరకు ఉండే ఎండ శిశిరంలో శ్రేష్ఠం. గ్రీష్మంలో వలె కొయ్యను పగులగొట్టదు, వర్షర్తువులో వలె మాటు వేయదు. చక్కగా, నెమ్మదిగా ఆరిన రంగు ఎక్కువకాలం నిలుస్తుంది. సన్నని గీతలు, కన్నుల పని ఈ వేళకే అట్టిపెడతారు. పొద్దు వాలిన తరువాత వెలుతురు పచ్చబడుతుంది. ఆ వెలుగులో పసుపుకూ తెలుపుకూ తేడా తెలియదు. కావున సాయంకాలం మళ్లీ పూతపనికో, మక్కు పనికో మరలుతారు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. ఆ పర్వం దాటిన పిమ్మట ఎండ ముదురుతుంది, పని వేళలు మారుతాయి. సంక్రాంతినుంచి శివరాత్రి దాకా ఉండే ఈ కాలం చిత్రకారునికి సంవత్సరంలోకెల్లా మెత్తనిది.

ఇన్ని దినాలు ఇదే వరుస. అవే పది అవతారాలు, అదే అంబారీ, అదే తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, అదే ఎడ్లబండి. కొత్తవారికి ఇది విసుగు కలిగించే పని. కాని మన ఆలయాలలో అర్చకస్వామి చేసేది కూడా అదే గదా. సుప్రభాతం, అభిషేకం, అలంకారం, నివేదన, నీరాజనం నిన్నటివే నేడును, నేటివే రేపును. ఉత్సవం ఏడాదికొకసారి వస్తుంది. నిత్యార్చన ఏ దినమూ ఆగదు. ఆ నిత్యార్చన బలంమీదనే ఉత్సవం నిలుస్తుంది. చిత్రకారుని కుంచె విషయంలోనూ ఈ ధర్మమే వర్తిస్తుంది. నూరవ రాముని ముఖం మొదటి రామునికంటె ప్రసన్నంగా ఉంటుంది. అంతకుముందు గడచిన తొంబది తొమ్మిది రాములే అందుకు కారణం.

కన్ను తెరిచే క్షణం

బొమ్మ పూర్తయ్యే చివరి ఘట్టం కన్ను. తెల్లని కనుగుడ్డు, నల్లని అంచు, నడుమ పాప. ఆ రెండు చుక్కలు పడేవరకు అది కొయ్య. పడిన పిమ్మట చూపరి వంక చూస్తుంది. చుక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా మెల్లకన్ను అవుతుంది, పైకి జరిగితే భయం, కిందికి జరిగితే నిద్ర. అందుచేత కన్నులు తీర్చే పని ఇంటిలో మిక్కిలి అనుభవంగల చేతికి అప్పగించడం పరిపాటి. ఆ చేయి ఊపిరి బిగబట్టి ఒకేసారి గీస్తుంది. దిద్దుబాటుకు అవకాశం తక్కువ.

మన శాస్త్రాలు కన్నుకు ఇచ్చిన స్థానం గొప్పది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం నేత్రాకారాలను ఐదుగా విభజించినది. విల్లువంటి చాపాకారం, చేపకడుపువంటి మత్స్యోదరం, కలువరేకువంటి ఉత్పలపత్రం, తామరరేకువంటి పద్మపత్రం వానిలోనివి. భావాన్నిబట్టి, పాత్రనుబట్టి కన్ను ఆకృతి మారవలెనని దాని ఆశయం. అదే గ్రంథంలో వజ్రుడనే రాజుకు మార్కండేయ మహర్షి ప్రతిమాలక్షణాన్ని ఉపదేశిస్తూ, చిత్రం తెలియనిదే ప్రతిమ తెలియదనియు, చిత్రానికి నృత్యం, నృత్యానికి వాద్యం, వాద్యానికి గానం ఆధారమనియు సూచిస్తాడు. విగ్రహశిల్పానికి మూలంగా చిత్రకళను నిలిపిన ఈ సంభాషణను ఆలయ నిర్మాణంలో పాల్గొన్న ప్రతి ఒక్కరూ స్మరించదగినది.

ఇక ప్రతిష్ఠాక్రమంలో నయనోన్మీలనం ఉన్నది. జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం మొదలైన సంస్కారాల నడుమ ఆచార్యుడు స్వర్ణశలాకతో మూర్తి నేత్రాలను తెరిచే విధి ఇది. ఆ తొలిచూపు పడుటకు ఎదురుగా దర్పణాన్ని, దూడతో కూడిన గోమాతను, కన్యలను నిలపడం ఆచారం. ఆలయంలో మంత్రపూర్వకంగా ఒకమారు జరిగే ఈ విధికి లౌకికమైన ఛాయ వంటిది చిత్రకారుని ఇంట ప్రతి మధ్యాహ్నం జరుగుతున్నది. ఆ కన్నులకు ప్రాణప్రతిష్ఠ లేదు, అవి పూజార్హమైన మూర్తులు కావు, నిజమే. అయితే కన్ను తీర్చే చేతికి కావలసిన నిశ్చలత రెండు చోట్లా ఒక్కటే. ఆలయపు విమానంమీద దేవతల కన్నులు దిద్దిన చేతులు కూడా ఇట్లే ఏళ్లతరబడి దిద్దగా దిద్దగా స్థిరపడినవే.

శాస్త్రసమ్మతంగా ప్రతిష్ఠలకు ఉత్తరాయణం ప్రశస్తం. అందులోనూ మాఘ ఫాల్గుణాలు పేరెన్నికగన్నవి. ముహూర్తానికి ముందే బాలాలయంలో స్వామివారి కళలను నిలిపి, విమాన గోపురాలకు రంగుల పని పూర్తిచేయవలసి ఉంటుంది. పరంజాలు కట్టి, పాత పూత గీకి, పగుళ్లు పూడ్చి, కొత్త పూత వేసే పనికి కూడా ఈ పొడి ఋతువే తగినది. ఆ విధంగా బొమ్మల చిత్రకారులూ, గోపురాల చిత్రకారులూ ఒకే శిశిరంలో, ఒకే ఎండ కింద పని చేస్తారు.

రంగులు మారిన కాలం

12వ శతాబ్దిలో పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో, అనగా అభిలషితార్థ చింతామణిలో, చిత్రకారులు వాడే వర్ణద్రవ్యాల వివరం ఉన్నది. తెలుపుకు శంఖచూర్ణం, ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నలుపుకు కాటుక. అట్టి ఖనిజాలతోను, ఆకులు బెరడులనుంచి తీసిన రసాలతోను మన పూర్వులు లేపాక్షి కప్పులమీదను, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలమీదను దేవతలను నిలిపారు. కృష్ణానది సాగరాన్ని చేరే మచిలీపట్నం వైపున పెడనలో అద్దకపు కలంకారీ ఈ వృక్షవర్ణాలమీదనే పెంపొందినది. ఒకే డెల్టాకు ఎగువ కొసన కొయ్యమీద, దిగువ కొసన గుడ్డమీద రంగుల విద్య వర్ధిల్లడం మన ప్రాంతపు భాగ్యం.

కొండపల్లిలోనూ పూర్వం సహజవర్ణాలే వాడుక. 20వ శతాబ్దిలో డబ్బాలలో దొరికే ఎనామిల్ రంగులు వచ్చినవి. అవి నిగనిగలాడతాయి, నీటికి చెదరవు, నూరే శ్రమ లేదు. కొనేవారు మెరుపును కోరారు. దానితో పాత రంగులు వెనుకబడినవి. నీటిరంగుల బొమ్మకుండే మెత్తని కాంతి ఎనామిల్ బొమ్మకు రాదు. పిల్లల చేతిలో ఉండే వస్తువుకు విషం లేని రంగులు కావలెనన్న స్పృహ ఇటీవలి దశాబ్దాలలో హెచ్చినది. ఎగుమతులకు, తెలిసి కొనేవారికి వృక్షవర్ణాలతో బొమ్మలు చేయడం మరల మొదలైనది. తాతల నాటి పద్ధతిని మనుమలు తిరిగి నేర్చుకొనే ఈ దశ ఆశాజనకం.

స్వాతంత్ర్యానంతరం 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు, దానికి అధ్యక్షత వహించిన శ్రీమతి కమలాదేవి ఛటోపాధ్యాయ కృషి దేశమంతట చేతివృత్తులకు కొత్త ఊపిరి పోసినవి. రాష్ట్రంలో లేపాక్షి విక్రయశాలలు కొండపల్లి బొమ్మను నగరాలకు చేర్చినవి. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం కింద కొండపల్లి బొమ్మకు రక్షణ లభించినది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దేశంలోని బొమ్మల కేంద్రాల నడుమ కొండపల్లి పేరును కూడా ప్రస్తావించారు. కీర్తికి లోటు లేదు.

ముందున్న కర్తవ్యం

లోటు ఉన్నది రెండు చోట్ల. మొదటిది చెట్టు. తెల్లపొణికి అడవిలో సహజంగా పెరిగేది. నరికినంత వేగంగా అది తిరిగి పెరగదు. దగ్గర కొండలలో అరుదైనకొలదీ కొయ్యకోసం దూరం పోవలసి వచ్చినది, ఖర్చు పెరిగినది. రెండవది చేయి. చుట్టూ కర్మాగారాలు, విద్యుత్కేంద్రం, నగరం ఉన్నచోట నెలజీతం దొరికే యువకుడు ఉలిని ఎందుకు పట్టవలెనన్న ప్రశ్నకు తల్లిదండ్రులవద్ద జవాబు లేదు. ఒక తరం కుంచె దించితే, కన్ను తీర్చే నేర్పు తరువాతి తరానికి గ్రంథాలనుంచి రాదు. అది చూసి నేర్చుకొనేది, పక్కన కూర్చొని నేర్చుకొనేది.

దేవాలయాన్ని జీర్ణోద్ధరణ చేయవచ్చును. పగిలిన గోడను పూడ్చవచ్చును, కుంగిన గోపురాన్ని నిలబెట్టవచ్చును. ఆగిపోయిన సాధనకు జీర్ణోద్ధరణ విధి ఏ ఆగమంలోనూ లేదు. కావున దాతలకు, భక్తులకు కొన్ని విన్నపాలు.

ఆలయ ఆవరణలోగాని, ఆలయానికి చెందిన భూములలోగాని, నందనవనంలోగాని నాలుగు పొణికి మొక్కలు నాటవచ్చును. మారేడు, తులసి, రావి వలె అది కూడా దైవసేవకు పనికివచ్చే చెట్టే. వాహనాలకు మరమ్మతులు చేయించునపుడు, విమానానికి రంగులు వేయించునపుడు దగ్గరి చిత్రకారులను సంప్రదించవచ్చును. వచ్చిన అతిథులకు, దాతలకు జ్ఞాపికగా ఇచ్చే వస్తువు కొండపల్లి దశావతారం కావచ్చును. కొనునపుడు బేరమాడుటకు ముందు ఆ బొమ్మ ఎన్ని చేతులు మారినదో ఒకసారి తలచుకొనవచ్చును. సంక్రాంతికి కొలువు తీర్చే ఇల్లాలు ఏటా ఒక్క కొత్త బొమ్మ చేర్చినా శిశిరమంతా ఒక ఇంటి పొయ్యి వెలుగుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, కుంభాభిషేకానికి రంగులు వేసినవారి పేర్లను శిలాఫలకంమీద, దాతల పేర్ల కిందనైనను, చెక్కించవచ్చును. వారు అడుగరు. అడుగకపోవుటయే మనం గుర్తుంచుకొనుటకు కారణం కావలెను.

ఈ ఉత్సవ వేళ గోపురం వంక చూసినపుడు కలశాలకు ఒక నమస్కారం, స్వామికి ఒక నమస్కారం చేస్తాము. విమానంమీది మూర్తి కన్నులు మన వంక చూస్తున్నట్లు తోచిన క్షణాన, ఎక్కడో మాఘమాసపు ఎండలో ఊపిరి బిగబట్టి ఆ చుక్క పెట్టిన చేతిని కూడా తలచుకొందము. పరమేశ్వరుని చూపు ఆ చేతిమీద కూడా ప్రసరించి, ఆ ఇండ్లలో కుంచె తడి ఆరకుండా అనుగ్రహించుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు.